ఒడ్డు మనిషి

గడ్డిగింజ ఒక్కటి చాలు, మనిషి కాలు మోపని నేలని పాడుచెయ్యడానికి. ఈ సంగతి మా ఆయన గార్త్ ప్రతి సభలోనూ గొంతు తగ్గించి మరీ చెప్తాడు. విన్నవాళ్ళు తలలూపుతారు. ఆ గింజలు ఏరడం మాత్రం మా ఇంట్లో మగవాళ్ళ పని కాదు. వంటింటి బల్ల మీద అతని కోటు పరుచుకుని, కనుబొమలు సరిచేసుకునే ప్లక్కర్‌తో వెల్క్రో పట్టీల్లోంచి, జేబు మూలల్లోంచి గింజలూ కుక్క వెంట్రుకలూ ఒక్కొక్కటే పీకుతున్నాను. తర్వాత బూట్లు. అడుగున గాడుల్లో ఇరుక్కున్న మట్టిని సూదితో గీకి, కడిగి, మందునీళ్ళలో ముంచాలి. అంటార్కిటికా వెళ్ళే ప్రతి బోటుకీ ఇది నియమం. ఎవరి బూట్లు వాళ్ళే శుభ్రం చేసుకోవాలని కాగితం మీద ఉంటుంది. ఎవరూ చేసుకోరు.

"లిన్, బూట్లయ్యాయా?" షెడ్డులోంచి కేకేశాడు గార్త్.

"నీవయ్యాయి."

"మిగతావి కూడా ఓ చెయ్యి చూడు బంగారం. ఎలాగూ కూచున్నావుగా."

ఎలాగూ కూచున్నావుగా! ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. నిలబడి ఉంటే, ఎలాగూ నిలబడ్డావుగా, ఆ కెటిల్ పెట్టు అంటాడు. అనుమతి కోసం ప్రభుత్వానికి దరఖాస్తు రాసేది నేను. ప్రయాణికుల్లో ఎవరి గుండె ఎలా ఉందో, ఎవరికి వేరుశనగ పడదో కనుక్కునేది నేను. ఆరు వారాలకి ఉల్లిపాయలెన్ని, క్యాబేజీలెన్ని, ఏవి ముందు కుళ్ళుతాయి, ఏవి అడుగున సర్దాలి, డీజిల్ ఎంత, దారిలో ఎవరైనా పోతే శవాన్ని ఎక్కడ ఉంచాలి, అన్నీ నేనే. తీరా పేపర్లో గార్త్ ఫొటో వేసి ఒంటిచేత్తో సాహసయాత్ర అని రాస్తారు. ఆ పేపరు కత్తిరించి ఆల్బంలో అతికించేదీ నేనే.

మా అత్తగారు ఎడ్నా బతికున్నన్నాళ్ళూ ఒకటే పాట పాడేది. "మా వంశంలో మగాళ్ళు సముద్రానికి, ఆడాళ్ళు టెలిఫోన్‌కి. అందులో నామోషీ ఏముందే?" బోటుకి ఆవిడ పేరే, 'ఎడ్నా మే'. వంటింటి కిటికీలోంచి చూస్తే మా కెటరింగ్ ఊరి జెట్టీకి కట్టేసి కనిపిస్తుంది. నా పేరు బోటు మీద లేదు గానీ, ప్రతి యాత్ర ప్రణాళికలోనూ ఒకచోట తప్పకుండా ఉంటుంది. బోటు దక్షిణానికి వెళ్ళినప్పుడు గట్టు మీద ఫోన్ దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి శాటిలైట్ ఫోన్ వస్తుంది. ఎక్కడున్నారో రాసుకోవాలి. ఫోన్ రాకపోతే ఆరు గంటలు చూసి, రక్షణ కేంద్రానికి కబురు చెయ్యాలి. దీన్ని మేం ఒడ్డు మనిషి అంటాం. జీతం లేదు, సెలవు లేదు. బోటు తిరిగొచ్చేదాకా గడప దాటడానికి లేదు. మా చెల్లెలి కొడుకు పెళ్ళి కూడా అలాగే పోయింది.

మూడేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఆరు గంటలూ కుర్చీలోంచి లేవకుండా కూచున్నాను. ఆ తర్వాత రక్షణ కేంద్రానికి ఫోన్ చేశాను. వాళ్ళు విమానం సిద్ధం చేశారు, దగ్గర్లో ఉన్న ఇంకో ఓడని వెనక్కి మళ్ళించారు. సాయంత్రానికి గార్త్ నేరుగా కేంద్రానికే ఫోన్ చేశాడు. అంతా క్షేమం, పెంగ్విన్ల సందట్లో ఫోన్ సంగతి మర్చిపోయాను, మా ఆవిడ కంగారు మనిషి, పట్టించుకోకండి అని చెప్పాడట. తర్వాత నాకు చేసి, "నా పరువు గంగలో కలిపావు కదే! ముందు వాళ్ళకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు," అన్నాడు. చెప్పాను. అవతల ఉన్న పెద్దాయన, "ఆలస్యంగా ఒకసారి చేసేకన్నా తొందరపడి పదిసార్లు చెయ్యడం మేలమ్మా," అన్నాడు. నాకు ఇంకా సిగ్గేసింది.

అప్పట్నుంచి గార్త్ ఎక్కడ మాట్లాడినా ఒక కథ తప్పదు. "దక్షిణాన మూడు ప్రమాదాలున్నాయండీ. ఒకటి మంచు, రెండు గాలి, మూడు మా ఆవిడ!" జనం పడీపడీ నవ్వుతారు. "నేనక్కడ పెంగ్విన్లు చూస్తుంటే, ఈవిడ ఇక్కడ విమానాలు పంపించేసింది. ఇంకో గంట ఆలస్యమైతే నా శవపేటికకి బేరం కూడా ఆడేసేది." కప్పులందిస్తూ నేనూ నవ్వుతాను. నవ్వకపోతే, హాస్యం కూడా తెలీదు దీనికి అంటాడు కదా.

ఆ నవ్వు నా ఒంట్లోకి ఇంకింది. కిందటి చలికాలం కడుపులో నొప్పి పుడితే, చిన్నదాన్ని పెద్దది చేస్తున్నానేమోనని రెండ్రోజులు పళ్ళ బిగువున భరించాను. అపెండిక్స్ పగిలాక గానీ ఆస్పత్రికి వెళ్ళలేదు. ఇంతసేపు ఎందుకు ఆగావని డాక్టరమ్మ కేకలేస్తే, నాకు కంగారు పడే అలవాటుందండీ, అందుకని ఆగానన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది. 

బూట్లు ఆరబెట్టి లోపలికి వచ్చేసరికి గార్త్ బల్ల దగ్గర కూచుని, ఈ ఏటి ప్రణాళికలో ఏదో కొట్టేస్తున్నాడు.

"ఆరు గంటలు తీసేసి ఇరవై నాలుగు చేశాను," అన్నాడు. "నీకూ హాయి, నాకూ హాయి."

"ఇరవై నాలుగు గంటలంటే ఆ నీళ్ళలో మనిషి..."

"అదిగో, మొదలైంది. నువ్వు కంగారు పడి మళ్ళీ నన్ను నవ్వులపాలు చెయ్యకుండా ఇది. సంతకం పెట్టు. వంటకి బ్రైడీ వస్తుందో రాదో కూడా కనుక్కో. ఈసారీ అప్పుడు పెంగ్విన్లు చూసిన ఆ ఖాతానికే వెళ్తున్నాం, దానికి తెలిసిన చోటే కదా."

బ్రైడీ మా బోటులో వంటమనిషి. నాలుగు యాత్రలు చేసింది, మూడేళ్ళ కిందట మానేసింది. అడిగినప్పుడల్లా మోకాళ్ళ నొప్పులనేది. ఫోన్ చేసి ఖాతం పేరు చెప్పాను. "లిన్, రేపు నేనే వస్తాను. గార్త్ ఇంట్లో లేనప్పుడు," అంది.

మర్నాడు వచ్చింది. టీ పోస్తే ముట్టుకోలేదు.

"ఆ ఖాతానికి పన్నెండుమందిని తీసుకెళ్తున్నాడా మళ్ళీ? నిజంగా?"

"ఏం, ఏమైందక్కడ?"

"నువ్వు విమానం పంపించిన రోజు, లిన్, మేం పెంగ్విన్లు చూడ్డం లేదు. బోటు రాతిమీద ఎక్కి కూచుంది. మ్యాపులో లేని రాయి. అడుగు చీలి ఇంజన్ గదిలో మోకాలి లోతు నీళ్ళు. ప్రయాణికులేమో గట్టు మీద ఉన్నారు, పోటు కోసం ఆగామని చెప్పాడు వాళ్ళకి. మేం నలుగురం బకెట్లతో తోడాం. నేను ఫోన్ తియ్యబోతే నా చేతిలోంచి లాక్కున్నాడు. ఒక్కమాట బయటికి పోతే తన పర్మిట్ పోతుందన్నాడు. చీలిక లోపల్నించి పలకలు కొట్టి మూశాం, పోటు వచ్చి బోటు తేలింది కాబట్టి ఇలా కూచుని మాట్లాడుతున్నాను. గాలి తిరిగుంటే మంచు వచ్చి ఖాతం నోరు మూసేసేది."

నేను టీ మీద మీగడ కట్టడం చూస్తున్నాను.

"చెప్పద్దని అందరిచేతా మాట తీసుకున్నాడు. చెప్తే ఈ జెట్టీల మీద మళ్ళీ పని పుట్టదని నోరు మూసుకున్నాను," అంది బ్రైడీ. "అతను నీ గురించి ఆ జోకు వేస్తుంటే ఒకసారి విన్నాను. మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను. లిన్, ఆ రోజు అంత దూరంలో బుద్ధి పనిచేసింది నీ ఒక్కదానికే."

ఆమె వెళ్ళాక గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. ఏడుపు రాలేదు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, అలాంటి సంతోషమూ రాలేదు. మూడేళ్ళుగా పొయ్యి ఆర్పానో లేదోనని మూడుసార్లు చూసుకున్న మనిషి, నలుగుర్లో మాట్లాడే ముందు గార్త్ మొహం చూసిన మనిషి, కడుపు పగిలేదాకా నోరెత్తని మనిషి, వీళ్ళందర్నీ తయారుచేసింది నా పిరికితనం కాదు. ఒక రాయి. ఆ రాయిని కప్పెట్టడానికి అతనికి ఒక పిచ్చిది కావలసొచ్చింది, ఇంట్లోనే దొరికింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

సాయంత్రం అతను రాగానే అడిగేశాను. గార్త్ బుకాయించలేదు. అది ఇంకా కష్టమనిపించింది.

"ఎవరికైనా గోరైనా విరిగిందా? లేదుగా," అన్నాడు కోటు విప్పుతూ. "నిజం చెప్పుంటే పర్మిట్ పోయేది, బోటు పోయేది, బోటు మీద అప్పుకి ఈ ఇల్లూ పోయేది. నీ మీద నలుగురూ కాస్త నవ్వుకున్నారు. అంతేగా? నీకేం ఊడింది?"

"నాతోనైనా చెప్పచ్చుగా, గార్త్. మనిద్దరి మధ్యే ఉండేది."

"చెప్తే నువ్వు వాళ్ళకి క్షమాపణ చెప్పేదానివా? నీకు అబద్ధం ఆడ్డం రాదు లిన్. నువ్వు నమ్మితేనే వాళ్ళు నమ్ముతారు." తన తెలివికి తనే మురిసిపోతున్నట్టు కొంచెం నవ్వాడు కూడా. "ఇప్పుడా రాయి ఎక్కడుందో నాకు తెలుసు. చుట్టూ తిరిగి వెళ్తాను."

"ఒక రాయి తెలిసింది. మిగతావి?"

"సంతకం పెట్టావా, లేదా?"

పెట్టలేదు. అతనూ మళ్ళీ అడగలేదు. అలిగింది, అదే దిగుతుందిలే అనుకునుంటాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రయాణికులంతా మా ఇంట్లో కలిశారు. ప్రతి యాత్రకి ముందూ ఉండేదే. ఆల్చిప్ప మాంసం కూరి కాల్చిన స్కాలప్ పైలు, టీ, గోడ మీద పాత యాత్రల బొమ్మలు. ముందు వరసలో మిసెస్ ఓల్డ్రిడ్జ్, రిటైరైన టీచరు. మనవరాలు పాపీని వెంట తీసుకెళ్తోంది. ఆ పిల్ల కాలేజీ అయిపోయిన సంబరంలో ఉంది. దాని బూట్లు కడిగింది నేనే, కాళ్ళు ఎంత చిన్నవో నాకు తెలుసు.

గార్త్ మంచు గురించి చెప్పాడు, గాలి గురించి చెప్పాడు. "ఇక మూడో ప్రమాదం, అదిగో, పైలు పట్టుకుని నిలబడింది!" అన్నాడు. అందరూ తిరిగి నన్ను చూశారు. గది గదంతా ఘొల్లుమంది. శవపేటిక మాట కూడా అయ్యాక మిసెస్ ఓల్డ్రిడ్జ్ కళ్ళు తుడుచుకుంటూ, "మరి ఈసారి కూడా విమానాలు పంపిస్తావా అమ్మా?" అని అడిగింది.

నేను పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఆ రోజు బోటు రాతిమీద ఉందండీ," అన్నాను. "అడుగు చీలింది. ఇంజన్ గదిలోకి నీళ్ళొచ్చాయి. ఇతను మర్చిపోలేదు, దాచాడు. ఇప్పుడు మిమ్మల్ని తీసుకెళ్తున్నది కూడా ఆ ఖాతానికే."

గార్త్ మొహంలో రంగు మారడం నేను చూశాను. తర్వాత అతను రెండు చేతులూ పైకెత్తి, "చూశారా? చెప్పానా, లేదా!" అన్నాడు.

మళ్ళీ నవ్వారు. ఇందాకటికన్నా ఎక్కువే నవ్వారు. పాపీ కూడా నవ్వింది, పాపం, దానికేం తెలుసు. మిసెస్ ఓల్డ్రిడ్జ్ నా చెయ్యి పట్టుకుని నిమిరి, "మా అక్కకీ ఇలాగే ఉండేదమ్మా. బయల్దేరే ముందు మరీ ఎక్కువయ్యేది. మాత్రలు వేసుకుంటే సర్దుకుంది," అంది. ఆవిడ చాలా మంచిది. అందులో సందేహం లేదు.

అప్పుడర్థమైంది నాకు, ఆ జోకు ఎంత గట్టి గోడో. లోపల్నించి ఎంత అరిచినా అవతలికి వినబడదు. ఆ రోజు నేను ఆరు గంటలు ఆగి ఫోన్ చేసినా పిచ్చిదాన్నే. రేపు ఇరవై నాలుగు గంటలు నోరు మూసుకుంటే, ఈ చిన్నకాళ్ళ పిల్ల నీళ్ళలో ఉంటుంది. అప్పుడు మాత్రం, ఎందుకు ముందే చెప్పలేదని అందరూ నన్నే అడుగుతారు.

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. ఫోన్ తీశాను. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. పర్మిట్ పోతుంది, బోటు పోతుంది. ఈ వంటిల్లు, ఈ కిటికీ, కొన్నాళ్ళకి ఎవరివో అవుతాయి. యాభై నాలుగేళ్ళ వయసులో ఎక్కడికి వెళ్తానో నాకు తెలీదు. బ్రైడీ నా పక్కన నిలబడుతుందో లేదో కూడా తెలీదు. భయమేసింది. భయమేస్తూండగానే నొక్కాను.

అవతల ఒకమ్మాయి ఎత్తింది. "రక్షణ కేంద్రం. ఎవరైనా ప్రమాదంలో ఉన్నారా మేడమ్?"

"ఇంకా లేరు," అన్నాను. నా పేరు చెప్పాను. బోటు పేరు, మూడేళ్ళ కిందటి తేదీ చెప్పాను. ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికి, "ఆఁ, కనిపించింది. పొరపాటున చేసిన కాల్ అని ఉంది. ఆ తర్వాత మీరే మళ్ళీ ఫోన్ చేశారు కదా?" అంది.

"అవును. అనవసరంగా మిమ్మల్ని కంగారు పెట్టానని క్షమాపణ చెప్పడానికి చేశాను," అన్నాను. "ఆ క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి."