కెమెరా పరీక్ష

“ఆ డబ్బా పరీక్షేదో చేయించుకుంటే పోలా?” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న చొక్కా కోసం చెయ్యి చాపి. “ఇంట్లోనే అయిపోతుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

ఆ ‘ఎవరికీ’లో తాను లేనని ఆమెకు తెలుసు. ఇరవయ్యేళ్ల కాపురంలో ఎప్పుడుంది గనక.

ఆమె అక్కకు పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఏడాదిపాటు నోరు మెదపలేదు మహాతల్లి. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీంచి చెల్లెలి చెయ్యి పట్టుకుని, “నాలా సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకోకే” అంది. అక్కని చూసే డాక్టరమ్మ చెల్లెల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మలం కాస్త చిన్న డబ్బాలో పట్టి ఇస్తే కంటికి కనబడని రక్తం ఉందేమో చూస్తారు. అది ఏటేటా చేయించుకోవాలి, తేడా వస్తే కెమెరా పరీక్ష ఎలాగూ తప్పదు. కెమెరా పరీక్షకైతే ముందురోజు మందు తాగి పేగు శుభ్రం చేసుకోవాలి. మత్తిచ్చి, వెనక నుంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి లోపలంతా చూస్తారు, పిలకల్లాంటి కండలు కనిపిస్తే క్యాన్సర్‌గా ముదరకముందే తీసేస్తారు. “మామూలువాళ్లకి రెండిట్లో ఏదైనా మంచిదే. మీకు తోబుట్టువుకే వచ్చింది కాబట్టి నేనైతే కెమెరానే అంటాను. తోడు మనిషి లేకుండా మాత్రం రాకండి, మత్తు దిగాక ఒంటరిగా పంపం” అంది.

ఇదంతా ఇంట్లో చెబితే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. “ఆడదానివి, అక్కడ పరీక్షేంటమ్మా? సిగ్గూ శరం ఉండక్కర్లా?”

ఆమెకు ఒళ్లు మండింది. తుంటి విరిగి ఈవిడ మంచాన పడితే నెలల తరబడి బెడ్‌పాన్ ఎత్తిందెవరు? పిల్లలకి కడిగిందెవరు? అప్పుడది సేవ. ఇంటిల్లిపాదిదీ ఎత్తిపోయడానికి అడ్డురాని సిగ్గు, తన పేగు తాను చూపించుకుంటానంటే ఎక్కణ్ణుంచి ఊడిపడింది? తను పనిచేసే కొట్టులో బిల్లు కౌంటర్ దగ్గర్నుంచి బాత్రూంకి కదిలితే సూపర్‌వైజర్ గడియారం చూస్తాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం, ఆమె తలుపేసుకోగానే ఎవరో ఒకరు తడతారు. ఆపుకోవడంలో ఆమెకు పట్టా ఇవ్వొచ్చు. అక్క కూడా అలాగే రక్తం సంగతి కడుపులో దాచుకుని ఇంత దాకా తెచ్చుకుంది.

చొక్కా అతని చేతిలో పెట్టింది. “కెమెరా పరీక్షకే పేరు రాయించాను, గురువారానికి. మీరు సెలవు పెట్టి నాతో రావాలి.”

“నేనా? ఆఫీసులో ఊపిరి సలపట్లేదు.”

“మీ కంటి ఆపరేషన్‌కి నేనే కూర్చున్నాను, అత్తయ్య తుంటికీ నేనే కూర్చున్నాను. మీకు కుదరదంటే మీ చెల్లెల్ని రమ్మంటాను. మా అన్నయ్య ఏడీ అని తను అడిగితే ఏం చెప్పమంటారో ఇప్పుడే చెప్పండి.”

అతను బొత్తాలు ఒక్కొక్కటే నెమ్మదిగా పెట్టుకున్నాడు. చివరికి, “వస్తాలే” అని గొణిగాడు.

బుధవారం సాయంత్రం పెందలాడే ఇల్లు చేరింది. వంట జోలికి పోలేదు. మందు కలిపిన జగ్గు పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. కాసేపటికే తలుపు చప్పుడైంది. ముందు కూతురు, తర్వాత అత్తగారు, ఆఖర్న అతను.

“ఇంకా ఎంతసేపు? ఇంట్లో మేమూ ఉన్నాం కదా.”

మరెప్పుడైనా అయితే సగంలో లేచి వచ్చేసేది. ఈసారి మరో గ్లాసు నింపుకుంది.

“పక్కింటావిడతో చెప్పి ఉంచాను, అందరూ అక్కడికి వెళ్లండి. తెల్లారేదాకా ఇది నాది.”