హారతి పళ్లెం

ఇత్తడి పళ్లేనికి పట్టిన కర్పూరం మసి అంత సులువుగా వదలదు. చింతపండుతో రుద్ది, బూడిదతో రుద్ది, మళ్లీ చింతపండు పట్టించాలి. రెండు వారాలుగా ఛత్రినాకలో మా ఇంటి నల్లా దగ్గర నా పొద్దు ఆ పనితోనే మొదలవుతోంది. మా అత్త నాగమణమ్మ గడపలో కూర్చుని రోజూ అదే మాట అంటుంది. "కళావతీ, లారీ నేర్వబోతున్నవా, బోనమెత్తబోతున్నవా?"

నాలుగేళ్లు సబ్బుల కంపెనీ ప్యాకింగ్ హాల్లో నిలబడి పనిచేశాను. ఆడవాళ్లను కూడా లారీ డ్రైవర్లుగా తీసుకుంటామని కంపెనీ ప్రకటించినప్పుడు పేరిచ్చింది నేనొక్కదాన్నే. మరిది ట్రాలీ ఆటో నడిపిన అలవాటుంది, లైసెన్సూ ఉంది. రెండు వారాల శిక్షణ, చివర పరీక్ష. పాసైతే డ్రైవరు సీటు, లేకపోతే మళ్లీ ప్యాకింగ్ హాలు, సాయంత్రానికి చెప్పుల్లో పట్టనంత వాచే పాదాలు. "పో, నీ సరదా ఎందుకు కాదనాలె? టిఫిన్ డబ్బా మాత్రం ఆలస్యం కావద్దు" అన్నాడు మా ఆయన. అంటే పొమ్మన్నట్టే.

ఆరాంఘర్ అవతల యార్డులో మాకు నేర్పే కృష్ణయ్య సార్ ముప్పై ఏళ్లు లారీ మీద బతికిన మనిషి. చెడ్డవాడు కాడు, అదే చిక్కు. మొదటిరోజు నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, "ఆడబిడ్డ హారతిస్తె బండికి మస్తు మంచిదమ్మా. రేపటిసంది ఇంట్లకెళ్లి పళ్లెం తీస్కరా" అన్నాడు. సిగ్గులేకుండా నేను మురిసిపోయాను కూడా. మర్నాటి నుంచి నాతోపాటు నేర్చుకునే నలుగురు మగవాళ్లూ సార్‌తో పాటు క్యాబిన్‌లోకి ఎక్కేవారు. నేను కింద బంపరుకు బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించి నిలబడేదాన్ని. లోపల ఇంజను మోగుతుండేది. అద్దం వెనక సార్ వేలుపెట్టి ఏదో చూపిస్తూ చెప్పేవాడు. నోరు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. కాసేపటికి "తప్పుకో అమ్మా" అని చెయ్యి ఊపేవాడు. బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్లేది. నేను ఆ తొక్కలు ఊడ్చి, చేతులు కడుక్కుని, బండి చుట్టు తిరిగి వచ్చేదాకా ఎదురుచూసేదాన్ని. నా వంతు ఎప్పుడూ చివరనే.

ఒకరోజు ధైర్యం చేసి, "సార్, ఇయ్యాల శ్రవణ్‌ను ఇయ్యమనుండ్రి హారతి" అన్నాను. నాతో నేర్చుకునేవాళ్లలో చిన్నవాడు శ్రవణ్‌తో సహా అందరూ నవ్వారు. "మొగోడు హారతిచ్చుడేందమ్మా?" అన్నాడు సార్. గుళ్లో పూజారి మగవాడే కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగడం నాకు కొత్త కాదు.

శుక్రవారం పరీక్ష. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి నన్ను వేరే బండి ఎక్కించాడు. ముందురోజు నుంచి కదలకుండా నిలబెట్టిన బండి అది. తాళం తిప్పాను, గేరు వేశాను, హ్యాండ్‌బ్రేక్ తీశాను. ఎక్కడో కీచుమంటూ శబ్దం మొదలైంది. బండి కదలలేదు. యాక్సిలరేటర్ తొక్కి క్లచ్ వదిలితే ఒక్కసారి వణికి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ ఆగిపోయింది. ఏం తప్పు చేశానో నాకే తెలియదు. "బేసిక్స్ కూడా రాలేదు" అని కాగితం మీద రాసుకుని, శనివారం ఒక్కరోజు ఇంకా నేర్చుకొమ్మని, సోమవారం ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడాయన.

దిగి బయటికి వస్తే శ్రవణ్ నీళ్ల సీసా అందించాడు. "అక్కా, బ్రేకులకు ఎయిర్ ఎక్కేదాక ఆగాలె గదా? మీటర్ల ముల్లు పైకొచ్చినంక హ్యాండ్‌బ్రేక్ తియ్యాలె. లేకుంటె బ్రేకులు ఇడువయి."

"గది సార్ ఎప్పుడు చెప్పిండు?"

"రోజూ చెప్తుండె, బండి స్టార్ట్ చేయంగనే."

"మరి నేనేడున్న?"

"నువ్వు బండి ముంగట ఉంటివి గదక్కా, పళ్లెం పట్టుకొని."

ఇంటికొచ్చి చెప్తే, "నేను చెప్పలే? ఆటో ఏరు, లారీ ఏరు" అన్నాడు మా ఆయన, అన్నంలో చారు పోసుకుంటూ. ఆ గొంతులో ఎకసెక్కం లేదు, నిమ్మళం ఉంది. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. "పోనీ తియ్ బిడ్డా, పళ్లెం తోమే బాధ తప్పింది" అంది అత్త. ఎవరితో ఏమని చెప్పుకోను? కొట్టి ఉంటే చూపించడానికి దెబ్బ ఉండేది. తిట్టి ఉంటే చెప్పడానికి మాట ఉండేది. వీళ్లు నన్ను లక్ష్మివన్నారు, బొట్టు పెట్టమన్నారు, గౌరవంగానే పక్కన నిలబెట్టారు. ఈ ఇంట్లో పదకొండేళ్లుగా అందరూ వేడివేడిగా తింటుంటే వడ్డిస్తూ నిలబడ్డాను. తినేవాళ్లు ఏం మాట్లాడుకున్నారో వంటింట్లోకి ఎప్పుడూ సగమే వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను, అక్కడైతే ఎవరూ అడగరు.

శనివారం పొద్దున అలవాటు కొద్దీ పళ్లెం తోమాను. తోమి, తుడిచి, దేవుడి గూట్లో బోర్లించి వెళ్లిపోయాను.

యార్డులో అందరికంటే ముందు చేరి బండెక్కి సీటు మీద కూర్చున్నాను. నిమ్మకాయలు పట్టుకుని వచ్చిన కృష్ణయ్య సార్ తలెత్తి చూశాడు. "గదేందమ్మా, పైకెక్కినవ్? పళ్లెం ఏది?"

"ఇంట్ల మర్చిపోయిన సార్."

"మరి నిమ్మకాయలెవరు పెట్టాలె?"

"మీ చేతులనే ఉన్నయి గద సార్."

పెళ్లైన ఇన్నేళ్లలో నేను ఏదైనా మర్చిపోవడం అదే మొదలు. సార్ బండి ముందుకు నడిచి, వంగి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి లేచాడు. నేను అద్దం పైకి ఎక్కించి తాళం తిప్పాను. మీటరులో ముల్లు అడుగున పడుకుని ఉంది. రెండు వారాలుగా నా వంతు వచ్చేసరికి అది ఎప్పుడూ పైనే ఉండేది, దాన్ని అలా చూడటం ఇదే మొదటిసారి. అద్దం అవతల సార్ నోరు కదులుతోంది. ఏమంటున్నాడో వినిపించలేదు. ముల్లు పైకి లేచేదాకా ఆగాను.