గాలీ పెట్రోలూ మీటరు

ఆదివారం సాయంత్రంలోగా కారు బాగుపడాలి, లేదంటే అమ్మేయాలి. ఈ తీర్మానం చేసింది కారు నడిపే మనిషి కాదు. ఆమె వంటింట్లో టీ పెడుతుండగా ముందుగదిలో ఆమె మొగుడూ, ఆమె అన్నయ్యా కలిసి చేసేశారు.

ఆమె నర్సు. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన రోగుల దగ్గరికి వెళ్ళి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆమె పని. ఆ పాత కారు పోయిందంటే ఆ పనీ పోతుంది, తీసుకెళ్ళి వార్డులో కూర్చోబెడతారు. ఎవరి హుకుం లేకుండా తన దారిన తాను తిరిగే ఆ కాసేపంటే ఆమెకు ప్రాణం. అలాంటి కారు ఈమధ్య నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోతోంది. మొన్న వెనకే వస్తున్న లారీ వెంట్రుకవాసిలో తప్పింది.

అసలు చిక్కేమిటంటే, మగవాళ్ళు నడిపితే కారు ఆగదు. మొగుడు మార్కెట్టు దాకా వెళ్ళొచ్చాడు, ఆగలేదు. రిటైరైన బస్సు డ్రైవరు అన్నయ్య ఊరంతా తిప్పి తెచ్చాడు, ఆగలేదు. "మా చెల్లాయి క్లచ్ సరిగ్గా వదలదేమో బావగారూ" అని ఆయనంటే, "నేనూ అదే అనుకుంటున్నా బావగారూ" అని ఈయన నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా కాలు కాదు, కారే ఆగుతోంది" అంటే వినేవాడేడీ? మొగుడిది కళ్ళద్దాల షాపు. ఏదైనా అంకెల్లో చూపిస్తే తప్ప నమ్మడు. ఇంజనులోకి గాలి ఎంత, పెట్రోలు ఎంత వెళ్తోందో అంకె చూపించే మీటరొకటి తెప్పించాడు. అంకె తేడాగా వస్తే కారుది తప్పు, సరిగ్గా వస్తే ఆమెది. ఇంత తేలిగ్గా తీర్పు చెప్పే మీటరు దొరికినందుకు ఆయన మురిసిపోయాడు.

పొద్దున్నే వెల్డింగు షాపులో సైలెన్సరు గొట్టానికి చిల్లు పెట్టించి, పొగను బట్టి లెక్క పంపే సెన్సరు బిగించారు. ఆ తర్వాత మొదలైంది ఇంటిముందు రభస. మీటరు నల్ల వైరు కారు బాడీకి, ఎర్ర వైరు కరెంటుకు. ఉన్నవి రెండు వైర్లు, అభిప్రాయాలు మాత్రం లెక్కలేనన్ని.

"ఎర్రది తిన్నగా బ్యాటరీకి ఇచ్చేయండి బావగారూ, పీడా పోతుంది."

"అలా ఇస్తే రాత్రంతా వెలిగి బ్యాటరీ దిగిపోతుంది బావగారూ. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి ఇవ్వాలని మీటరుతో వచ్చిన కాగితంలో రాశాడు."

"కాగితం రాసినవాడు బస్సు నడిపాడా?"

చివరికి కాగితమే గెలిచింది. కానీ మీటరు వెలగలేదు. వైర్లు తిరగేశారని ఈయన, ఫ్యూజు మాడ్చారని ఆయన ఎగిరారు. ఆమె చూసి చూసి, నల్ల వైరు బిగించిన చోట రంగు గీకి పారేసింది. రంగు మీద బిగిస్తే కరెంటెలా పారుతుంది? మీటరు వెలిగింది. "చూశారా, నేను చెప్పలా!" అన్నారు బావగార్లిద్దరూ ఒకేసారి. ఆమెకు వాళ్ళిద్దర్నీ డిక్కీలో పెట్టి మూత వేయాలనిపించింది.

పరీక్ష మొదలైంది. ఆమె తన తాళంతో కారు స్టార్టు చేసింది. మొగుడు పక్కన కూర్చుని మీటరుకు కళ్ళప్పగించాడు. అన్నయ్య వెనక సీట్లోంచి ముందుకు వంగి ఆమె ఎడమకాలికి కాపలా కాశాడు.

రెండు వీధులు దాటాక స్పీడ్ బ్రేకరు వచ్చింది. కారు ఎగిరి దిగింది. ఇంజను చప్పున ఆగిపోయింది.

"క్లచ్!" అన్నాడు అన్నయ్య.

"నేను క్లచ్ ముట్టుకోనే లేదు!"

"అంకె ఎంతొచ్చిందో చెప్పండి బావగారూ."

మొగుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అంకె లేదు. ఇంజను ఆగకముందే మీటరు ఆరిపోయింది."

"మీ వైరింగు అఘోరించినట్టే ఉంది" అన్నాడు అన్నయ్య. ఇద్దరూ మళ్ళీ వాదనకు దిగారు.

"నోళ్ళు మూయండి ఇద్దరూ!" అని ఆమె కసిరింది. అంత గట్టిగా ఎప్పుడూ కసరలేదు. "మీటరుకు కరెంటు తాళం దగ్గర్నించే కదా వచ్చేది? ఇంజనుకీ అంతేగా? రెండూ కలిసి పోయాయంటే పోయింది పెట్రోలా, కరెంటా?"

ఆమె తాళం వైపు చూసింది. దానికి వేలాడుతున్న గుత్తి ఇంకా ఊగుతోంది. గుత్తిని అరచేత్తో పైకెత్తింది, మీటరు వెలిగింది. వదిలేసి ఒక్క కుదుపు కుదిపింది, ఆరిపోయింది.

"తాళం పెట్టే స్విచ్చి అరిగిందే చెల్లాయ్" అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. "బరువుకి పట్టు వదులుతోంది."

"మీరు ఏ తాళంతో నడిపారు?"

"ఇంట్లో మేకుకు తగిలించిన విడి తాళంతో" అన్నాడు మొగుడు.

ఆమె గుత్తి చేతిలోకి తీసుకుంది. పారేసుకుంటానని మొగుడు కిందటి నెల అప్పగించిన షాపు షట్టరు తాళం, జానెడుంది. అత్తగారి బీరువాది. ఊరెళ్ళినప్పుడల్లా మొక్కలకు నీళ్ళు పోయమని అన్నయ్య ఇచ్చిన వాళ్ళింటిది. గేటుది, నీళ్ళ మోటారు గదిది, ఎవరిదో ఎవరికీ గుర్తులేనిది. అందులో ఆమె సొంతానిది కారు తాళమొక్కటే.

ఇన్నాళ్ళూ తన కాలిని తానే అనుమానించుకుంది. రోగి ఇంటిముందు బండి ఆపి, క్లచ్ తొక్కి వదిలి, తొక్కి వదిలి చూసుకుంది. అది తలుచుకుంటే కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు తాళం ఊడదీసుకుని, మిగతా గుత్తి మొగుడి ఒళ్ళో పడేసింది.

"ఇవన్నీ నేనెక్కడ మొయ్యనే?"

"ఇద్దరున్నారుగా, పంచుకోండి. దిగండిక."

"ఇంటికెలా వెళ్ళాలి?" అన్నాడు అన్నయ్య.

"నడిచి వెళ్ళండి. ఇంటి తాళం మీ దగ్గరే ఉంది."

వాళ్ళు దిగారు. ఆమె గుత్తిలోంచి ఊడదీసిన తాళం పెట్టి తిప్పింది. మీటరులో ఏదో అంకె వచ్చింది, అదేమిటో ఆమె చూడలేదు. క్లచ్ మెత్తగా వదిలి, ఇంటివైపు కాకుండా రెండో వైపుకి కారు తిప్పింది.