అమ్మవారి ట్రాలీకి కట్టిన గొలుసు

నేను ఒక ఇనుప గొలుసును. పికప్ వ్యానుకీ, దాని వెనక ట్రాలీకీ మధ్య వేలాడటం నా ఉద్యోగం. ట్రాలీని లాగేది నేను కాదు, కొక్కెం. ఆ కొక్కెం ఊడిననాడు పట్టుకోవడానికే నన్ను కట్టారు. అంటే పనేమీ లేకుండా ఏళ్ల తరబడి భయపడటమే నా పని.

విజయనగరంలో ఒక కొలిమి దగ్గర పుట్టాను. మొదట బావులు తవ్వే మేస్త్రీ కొని, నాచేత బండరాళ్లు లాగించాడు. తర్వాత సాలూరు పక్క పల్లెలో వ్యాను నడిపే సత్యంనాయుడి చేతికొచ్చాను. మంచివాడే గానీ, అవసరమైతే నన్ను విప్పి గేదెను కట్టేసేవాడు. నిన్న ఊడని కొక్కెం ఇవాళ మాత్రం ఎందుకూడుతుందని మనుషుల ధీమా.

ఆ ఊరివాళ్లు కొండమీద గుడి కట్టుకున్నారు. అమ్మవారి రాతి విగ్రహాన్ని సత్యంనాయుడు ట్రాలీలో ముందువైపే పెట్టించాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో గుడి కట్టాల్సిందేనని పట్టుబట్టిన ముసలావిడ అప్పలనర్సమ్మ అడ్డొచ్చింది.

"మేమందరం ఎనకాల నడిసొత్తాం. అమ్మోరు మాకు ఈపు సూపిత్తాదేటి నాయుడా? ఆ సివరకి జరిపి, మా కేసి తిప్పు."

బరువు వెనక్కి పోతే ట్రాలీ మూతి పైకి లేస్తుందని అతను గొణిగాడు. అమ్మవారి ముందు బరువుల మాటేమిటని అందరూ కసిరారు. విగ్రహం చివరికి జరిగింది. కొక్కెం మీద నొక్కుడు తగ్గడం నాకు వెంటనే తెలిసింది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను. సరిగ్గా వెనకాలే సత్యంనాయుడి కూతురు పుణ్యవతి, ముసలావిడను స్కూటరు మీద ఎక్కించుకుని వస్తోంది. ఆ వెనక ఊరంతా దండాలు పెట్టుకుంటూ నడుస్తోంది.

ఎత్తు మొదలైంది. బరువు ఇంకా వెనక్కి వాలింది. రెండో మలుపులో కొక్కెం టక్కున ఊడింది. ట్రాలీ తోక రోడ్డును గీరుకుంటూ వాళ్లమీదికే జారింది. నేను బిర్రున బిగుసుకున్నాను. నా కడియం ఒకటి నోరు తెరవసాగింది. దేవుడా, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ వేలాడాను. సత్యంనాయుడు బండి కదలకుండా బ్రేకు తొక్కిపట్టాడు. పారిపోవలసిన పుణ్యవతి ముసలావిడను దింపి, స్కూటరు వదిలేసి, బండరాయి దొర్లించి ట్రాలీ చక్రం వెనక పెట్టింది. ట్రాలీ ఆగింది.

అప్పలనర్సమ్మ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. విగ్రహాన్ని ముందుకు జరిపి, కొక్కెం మళ్లీ తగిలించారు. మిగిలిన దారంతా అమ్మవారి వీపునే చూస్తూ నడిచారు.

నన్ను మాత్రం పారేయలేదు. అమ్మవారే గొలుసు రూపంలో కాపాడిందని పసుపు రాసి, కుంకుమ పెట్టి గుడి స్తంభానికి చుట్టారు. మంగళవారం మంగళవారం నాకు హారతి. పుణ్యవతి వచ్చి నన్ను కళ్లకద్దుకుంటుంది. కొత్త గొలుసు కొనవా అని ఆమె అడిగితే, సత్యంనాయుడు నావైపు చూపించి దండం పెట్టాడు.

"అమ్మోరుండగా మనకేటి బయ్యం?"

ట్రాలీలో ఇప్పుడు భక్తుల్ని ఎక్కిస్తున్నాడు. వెనకాలే కూతురి స్కూటరు. అదిగో, ఎత్తు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేనేమో ఇక్కడ పూలదండలో ఉన్నాను.