పొరల్లో మనిషి

పడవల యార్డు గేటు దాటగానే సుత్తమ్మ చేసే మొదటి పని చెవుల్లోంచి దూది తీసి జేబులో పెట్టుకోవడం. బస్సు హారన్లకు చెవులు పాడైతే ఆవిడ బతుకుతెరువు పోయినట్టే. పాత ఫైబర్ పడవల పొట్టల మీద చిన్న సుత్తితో తట్టి, సముద్రానికి పనికొస్తాయో లేదో తేల్చడం ఆవిడ పని. గట్టి చోట ‘ఠంగ్’ మంటుంది. పొరలు విడిపోయిన చోట ‘డబ్’ మంటుంది.

మరీ పాతవాటిలో ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో గాజుబట్ట ఎన్ని పొరలు వేస్తే చాలో ఎవరికీ తెలీదు. భయంకొద్దీ పొర మీద పొర పరిచి, చేత్తో రెసిన్ జిగురు పూసి రెండు వేళ్ల మందం చేసేవాళ్లు. అలా వంగి పనిచేసినవాళ్ల ఊపిరి పొరల మధ్యే ఉండిపోయేది. అందుకే బయట తడితే లోపల్నుంచి ఎవరో తిరిగి తడతారు. యార్డులో అందరికీ అలవాటే. రంగులేసే ఆయన లోపలివాళ్లకు “కాస్త సర్దుకోండి” అని చెప్పి మరీ కుంచె ముంచుతాడు.

ఆ వారం సుత్తమ్మ తమ్ముడు ఒక తెరచాప పడవ తెచ్చాడు. వాళ్ల నాన్న పొరలు వేసిన పడవ. ఆ రెసిన్ ఘాటే, ఆ గాజు పొడే ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ఆయన పోయేనాటికి తమ్ముడికి ఇంకా మాటలు రాలేదు. ఇప్పుడు భార్యనీ కూతుర్నీ ఎక్కించుకుని, అదే పడవలో అవతలి తీరానికి వెళ్లి బతుకుదామని వాడి ఆశ.

“నాన్న చేతి పని అక్కా. ఏనుగు తొక్కినా చెక్కు చెదరదు. ఊరికే నీ మాట కోసం తెచ్చాను.”

సుత్తమ్మ తట్టింది. లోపల్నుంచి గబగబా రెండు, ఆగి ఒకటి. నాన్న ఇంటికొచ్చి తలుపు కొట్టే తీరు అదే. సుత్తి చేతిలో బరువెక్కింది. అవసరం లేని చోట కూడా తట్టింది, తట్టిన చోటే మళ్లీ తట్టింది.

“నాన్నగారేనా?” అన్నాడు రంగులేసే ఆయన, అటుగా పోతూ.

“ఆయనే.”

“అడిగానని చెప్పండి.”

ముందు భాగంలో ఎడమవైపు, నీటిగీత కింద ‘డబ్’ మంది. జవాబు లేదు. మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే సరిగ్గానే ఉంది.

“చూశావా, మందం ఉందిగా!” అన్నాడు తమ్ముడు.

“మందం ఉంటే బలం ఉన్నట్టు కాదురా. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ముల్ని చూళ్లేదూ? పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. లోపల ఇక్కడ ఏముంది?”

“పాప పడుకునే బల్ల.”

అక్కడ కోసి, కొత్త పొరలు వెయ్యాలి. కోత మిషను తగిలితే పాతవాళ్లు పడవలో నిలవరు. ఇన్నేళ్లకు దొరికిన నాన్న. ఆవిడ సుత్తి జేబులో వేసుకుంది.

“రేపు చెబుతాలే.”

అంతే, ఆ చచ్చుబడ్డ చోటే లోపల్నుంచి దబదబా బాదుడు మొదలైంది, ఇల్లు కాలుతుంటే తలుపు కొట్టినట్టు. పడవ చర్మం ఉబ్బింది. ఐదు వేళ్లతో ఒక అరచెయ్యి బయటికి తోసుకొచ్చింది. తమ్ముడు దాని మీద తన చెయ్యి ఆనించాడు. పైపొర పగిలి, పులిసిన వాసనేసే నీళ్లు వాడి మోచేతిదాకా కారాయి. లోపలి పొరలు నానిన అట్టలా చేతికి ఊడొచ్చాయి.

“నాన్న చెయ్యి ఇంత పెద్దదా అక్కా?”

“కొయ్యరా,” అంది ఆవిడ.

కోస్తున్నంతసేపూ లోపలి చప్పుడు వెనక్కి, వెనక్కి జరుగుతూ పోయింది. తమ్ముడి ముక్కుకు మాస్కు బిగించి కట్టింది అక్కే. వాడు పరిచిన కొత్త పొరలు గట్టిపడుతూ జ్వరం నుదురులా వేడెక్కాయి. చల్లారేదాకా వాడు చెయ్యి తియ్యలేదు.

తర్వాత సుత్తమ్మ ఒక్కతే పడవంతా తట్టింది. అంతటా ‘ఠంగ్’. ప్రతి దెబ్బకీ ఆగి, లోపల్నుంచి తిరిగి తడతాడేమోనని చెవి ఆనించింది.

నీళ్లలోకి దించే రోజు, నిద్రపోతున్న కూతుర్ని భుజానేసుకుని తమ్ముడు అడిగాడు.

“నాన్న పలికాడా?”

“పడవ బాగా పలికిందిరా,” అంది ఆవిడ. “పాపను పడుకోబెట్టు.”