ఎనిమిది గంటల నిద్ర

ఎడమ చెయ్యి కాలిన సంగతి పక్కామె చెబితేగాని ఆమెకు తెలియలేదు.

"రాతక్కా, చెయ్యి తియ్యి. కాలుతోంది."

ఇస్త్రీ రోలరుకు రెండు వేళ్లు ఆనించి నిలబడిపోయింది మరి. చర్మం తెల్లగా లేచింది. వెళ్లి కుళాయి కింద చెయ్యి పెట్టింది. అక్కడే కళ్లు మూతలు పడ్డాయి. నిలబడి నిద్రపోవడం గుర్రాలకే వచ్చంటారు. ఆ లాండ్రీలో ఇరవై ఇద్దరు ఆడవాళ్లకీ వచ్చు.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టే చోటు అది. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒక డ్యూటీ, రెండు నుంచి రాత్రి పది దాకా ఇంకోటి. ఒక్కదానితో ఇల్లు గడవదు గనక అందరూ రెండూ చేస్తారు. ఇంటికెళ్లి వండి, తిని, గిన్నెలు కడిగి నడుం వాల్చేసరికి పన్నెండున్నర. నాలుగున్నరకి లేవాలి. నిద్ర సుఖమెరగదని ఎవరో చెప్పారు గానీ, సుఖం మాట సరే, అసలు నిద్రే లేనివాళ్ల గురించి ఆ మహానుభావుడు ఏమీ చెప్పలేదు.

ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష కాగితాలు వస్తాయి. రాయడం వచ్చింది ఈమె ఒక్కతికే గనక అందరివీ ఈమే నింపుతుంది. అలా రాతక్క అయింది. పేరు, వయసు, బరువు, ఆ తర్వాత రోజుకు ఎన్ని గంటల నిద్ర అనే ప్రశ్న. అక్కడ ఎనిమిది వెయ్యాలి. సూపర్‌వైజరు మాటా అదే, ఆడవాళ్ల మాటా అదే. లేకపోతే రెండో డ్యూటీ ఇవ్వరు. ఆరేళ్లుగా చకచకా ఎనిమిదులు వేసింది. తన తోడికోడలి కాగితంలోనూ వేసింది.

మొన్న చలికాలంలో ఆ తోడికోడలు ఇదే రోలరు దగ్గర కుప్పకూలింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. డాక్టరు విసుక్కున్నాడు.

"ఏళ్ల తరబడి నాలుగు గంటల నిద్రా? బీపీ పెరగదా మరి? ఒళ్లు తన్ను తాను బాగుచేసుకునేది నిద్రలోనే కదమ్మా."

వైద్యం ఖర్చు కంపెనీ పెట్టుకోవాలని అడగడానికి రాతక్క ఒక పూట డ్యూటీ మానుకుని ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా పాత కాగితం తీసి ముందు పెట్టాడు.

"హాయిగా ఎనిమిది గంటలు పడుకునే మనిషికి పని వల్ల జబ్బెలా వస్తుంది? ఇదెవరి రాత?"

తన రాతే. అంకె గుండ్రంగా, ముద్దుగా ఉంది. ఏడుపు కూడా రాలేదు. ఇంటికొచ్చి తోడికోడలికి అన్నం తినిపించి, మూతి తుడిచి, "నీ ఎనిమిది నేనే వేశానక్కా" అంది. ఆవిడ వంకర మూతితో ఏదో అంది. అర్థం కాలేదు. మళ్లీ అడిగే ఓపిక లేక రాతక్క ఆ మంచం పక్కనే నేల మీద పడి నిద్రపోయింది.

ఇవాళ మళ్లీ కాగితాలొచ్చాయి. కాలిన వేళ్లకు గుడ్డ చుట్టుకుని మడతల బల్ల దగ్గర కూర్చుంది. ముందు తనది నింపింది. సూపర్‌వైజరు భుజం మీదుగా చూశాడు.

"నాలుగు వేశావేంటి? తప్పు పడింది, దిద్దు."

"తప్పు పోయినేడాది పడింది సార్. ఇది సరిగ్గానే ఉంది."

"రేపట్నుంచి నీకు ఒక్క డ్యూటీయే. ఆలోచించుకో. దిద్దు."

"దిద్దను."

భయం వేస్తుందనుకుంది, వేయలేదు. భయపడటానికైనా ఒంట్లో కాస్త శక్తి ఉండాలి కదా.

"నీ పిచ్చి మా నెత్తికి చుట్టకు," అంది చంటిబిడ్డ తల్లి. "నా పిల్లకి పాలు నువ్వు కొంటావా? నాకు ఎనిమిదే వెయ్యి."

"నా చేత్తో వెయ్యనే. వేరే ఎవరితోనైనా రాయించుకో."

"వేరే ఎవరున్నారు?"

ఎవరూ లేరు. రోలరు ఖాళీగా తిరుగుతోంది. అందరిలోకీ పెద్దది, దుప్పట్లు మడిచే పెద్దమ్మ, మెల్లగా వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నాకెంత వేస్తావే?"

"నువ్వు పడుకున్నంత, పెద్దమ్మా."

పెద్దమ్మ రాత్రి పక్క మీద వాలిన దగ్గర్నుంచి లెక్కపెడుతూ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. మూడో వేలి దగ్గర లెక్క అయిపోయి ఆగి, సూపర్‌వైజరు మొహంలోకి చూసింది.