అత్తయ్య కుట్టిన పట్టీ

ఆమె సిటీ బస్సు డ్రైవరు. వారమంతా స్టీరింగు తిప్పి, సెలవు రోజున షూటింగు క్లబ్బుకి వెళ్ళి, చాప మీద బోర్లా పడుకుని రైఫిలు సైటులోంచి గురి చూస్తుంది. ఈ పిచ్చి అంటించింది మామగారే. ఆయన లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆ క్లబ్బులో పేరున్న షూటరు. చేతులు వణకడం మొదలయ్యాక రైఫిలు వదిలేసి, సరంజామా అంతా కోడలికి అప్పగించాడు.

అందులో ఒక తోలు పట్టీ ఉంది. షూటర్లు దాన్ని స్లింగు అంటారు. ఒక కొస ఎడమ దండచేతిని పట్టుకుంటుంది, రెండో కొస రైఫిలు కింద కొక్కేనికి తగులుతుంది. రైఫిలు బరువుని కండలు మోయకుండా పట్టీ, ఎముకలు కలిసి మోస్తాయి. పట్టీ సరిగ్గా కుదిరితే ఒళ్ళంతా వదిలేసినా రైఫిలు కదలదు. కుదరకపోతే ఎంత మొనగాడైనా గురి తప్పుతాడు.

చెయ్యి ఒరుసుకుపోకుండా ఆ పట్టీ లోపల మెత్త పెట్టి కుట్టింది అత్తగారు, తన పెళ్ళయిన కొత్తలో. "మిషను కుట్టు కాదమ్మా. చేత్తో కుట్టాను. సూదులు ఎన్ని విరిగాయో!" అని ఇంటికి వచ్చినవాళ్ళకి ఇప్పటికీ చూపిస్తుంది.

క్లబ్బు జట్టు ఎంపిక పోటీ దగ్గరపడుతుండగా కోడలికి ఒక తంటా వచ్చిపడింది. మొదటి తూటాలు గురిబోర్డు మీది నల్లచుక్క నడిమధ్యలో పడేవి. పోనుపోను కిందకి జారేవి. ఊపిరి బిగబట్టి చూసింది, మోచెయ్యి జరిపి చూసింది. లాభం లేకపోయింది.

క్లబ్బులో శిక్షణ ఇచ్చే పెద్దమనిషిని అందరూ ఊపిరి మాస్టారు అంటారు. ఎవరు ఏ సమస్య చెప్పినా "ముందు ఊపిరి సరిచూసుకో" అనడం ఆయన అలవాటు. కోడలు తన తంటా చెప్పిన రోజు మాత్రం ఆ మాట అనలేదు. పట్టీ మీద పెన్నుతో రెండు గీతలు గీసి, మధ్య దూరం టేపుతో కొలిచాడు. ప్రాక్టీసు అయ్యాక మళ్ళీ కొలిచాడు.

"చూడు, గోరు మందం సాగింది. పాత తోలు, పైగా చెమట. పట్టీ సాగిన కొద్దీ రైఫిలు ముక్కు కిందకి దిగుతోంది. సైటులో నల్లచుక్క ఎగురుతోందా?"

"ఎగురుతోందండీ. తాళం వేసినట్టు."

"అది నీ నాడి. ఈ మెత్త పోయిపోయి రక్తనాళం మీదే కూర్చుంది."

కోడలు మరో రంధ్రానికి బిగించి చూసింది. చెయ్యి మొద్దుబారింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇది చాలదన్నట్టు అత్తగారు ఒక పుణ్యం కట్టుకుంది. తోలు ఎండినట్టు కనిపించిందని పట్టీకి దండిగా నూనె పట్టించింది. "బూట్లకి రాస్తాంగా, దీనికి రాస్తే తప్పేంటి?" అంది. నూనె తాగిన తోలు ఇంకా మెత్తబడింది. మర్నాటి ప్రాక్టీసులో అది పేలికలా వేలాడింది.

ఊపిరి మాస్టారు బీరువా తెరిచి క్లబ్బు పట్టీలు తీశాడు. సన్నటిదొకటి దండచేతిలోకి తాడులా దిగబడింది. బిరుసుదొకటి మోచేతి దాకా జారిపోయింది. మూడోది తోలు కాదు, నైలాను నేత. ఎంత లాగినా సాగదు. వెడల్పుగా ఉండి ఒత్తిడిని అంతటా పరుస్తుంది. దాన్ని కాస్త తిప్పి, లాగుడు చేతి బయటివైపు నుంచి వచ్చేట్టు పెట్టాడు మాస్టారు. జారకుండా ఆమె షూటింగు కోటు చేతికున్న కొక్కేనికి తగిలించాడు. సైటులో నల్లచుక్క ఎగరడం మానేసింది.

అలాంటిదే ఒకటి తెప్పించుకుంది కోడలు. ఇంటికి మాత్రం తీసుకెళ్ళలేదు, క్లబ్బులోనే దాచింది. తోలు పట్టీని సంచిలో వేసుకుని వెళ్ళేది, అలాగే తిరిగి తెచ్చేది. మొగుడికి చెప్పబోతే అతను రెండు చేతులూ అడ్డంపెట్టాడు. "మీ అత్తాకోడళ్ళ మధ్య నన్ను పెట్టకు. నేను ఏమీ వినలేదు."

ఒకరోజు మామగారు ఊపిరి మాస్టారుతో కబుర్లకని క్లబ్బుకి వచ్చాడు. కోడలు తేలు కుట్టిన దొంగలా లేచి కూర్చుంది. ఆయన వంగి కొత్త పట్టీని రెండు వేళ్ళతో లాగి చూశాడు.

"సాగదా?"

"సాగదు మామయ్యా. మీకు చెబుదామనే..."

"బాగుంది" అన్నాడాయన. పట్టీ వదిలి నవ్వాడు. "నా తూటాలూ కిందకే జారేవమ్మా. సగం పోటీ అయ్యేసరికి సైటు మర రెండు క్లిక్కులు తిప్పుకుని లాక్కొచ్చేవాణ్ణి."

"మరి మార్చుకోలేదేం?"

"అంత ముచ్చటపడి కుట్టింది. ఏమని చెప్పను?"

ఇద్దరూ ఇంట్లో నోరు మెదపకూడదని అనుకున్నారు. అయితే ఆ సాయంత్రమే అత్తగారు నూనె సీసా, గుడ్డముక్క తీసుకుని పట్టీ దగ్గర కూర్చుంది. మామగారు ఆగలేకపోయాడు.

"దానికి నూనె రాయకే! అసలే సాగి చస్తోంది!"

అత్తగారు తలెత్తింది. "ఎప్పట్నుంచి?"

మామగారు కోడలి వైపు చూశాడు. కోడలు గోడ వైపు చూసింది.

"మొదట్నుంచీ" అన్నాడు చివరికి. నాడి సంగతి, కొత్త పట్టీ సంగతి కూడా బయటికి వచ్చేశాయి.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మొగుడి మీద కోపం వంటింట్లో గిన్నెల మీద చూపించింది ఆవిడ. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నా "మీ మామయ్యకి టీ కావాలేమో అడుగు" అని కోడలితో అనేది. కోడలి మీద మాత్రం కోపం లేదు. అదే కోడల్ని ఎక్కువ బాధపెట్టింది.

కోడలు ఒక సెలవు రోజున సంచి సర్దుకుంటుంటే అత్తగారు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తున్నాను. నా కుట్టులో తప్పేంటో నా కళ్ళతో చూడాలి."

మామగారు కూడా వెనకాలే బయల్దేరాడు. వద్దని ఎవరూ అనలేదు.

ఊపిరి మాస్టారు తూటా లేని రైఫిలు తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఆవిడని చాప మీద పడుకోబెట్టాడు. కోడలు తోలు పట్టీ తగిలించింది. అత్తగారు ఒక కన్ను మూసి సైటులోకి చూసింది.

"ఏమే, ఆ నల్లది గంతులేస్తోందే. ఎవరన్నా కదుపుతున్నారా?"

"ఎవరూ కాదత్తయ్యా. అది మీ గుండె కొట్టుకోవడం."

ఆవిడ సైటుకి కన్ను మరింత దగ్గరపెట్టింది. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కోడలు కొత్త పట్టీ మార్చింది.

"ఆగిపోయింది" అంది ఆవిడ గాభరాగా. "నాకేం కాలేదు కదా?"

ఊపిరి మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఆవిడ లేచి చీర దులుపుకుని తిన్నగా మొగుడి దగ్గరికి వెళ్ళింది. "అలా గంతులేస్తుంటే ఎలా కాల్చారండీ ఇన్నేళ్ళూ?"

"అలవాటైపోయింది."

"ఒక్క మాట చెబితే విప్పి, మెత్త ఇటు జరిపి కుట్టేదాన్ని కదా. ఒక్క పూట పని!"

"నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడు పడలేదా?"

ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ఆయనా కూర్చున్నాడు.

పోటీ రోజున ఎండ మండిపోయింది. కోడలు పొద్దున్నే పట్టీ కుట్లు, మరలు సరిచూసుకుంది. రంధ్రం పక్కన పెట్టుకున్న గుర్తుకి బకిలు వచ్చిందో లేదో చూసుకుంది. పోటీ సగంలో కోటు కొక్కెం ఊడి పట్టీ కొద్దిగా జారింది. ఇదివరకైతే కంగారులో అలాగే కాల్చేసేది. ఈసారి రైఫిలు దించి, పట్టీని పైకి లాగి, మళ్ళీ తగిలించుకుంది. గడియారం పరుగెడుతున్నా తొందరపడలేదు. చివరి తూటాలు కూడా మొదటివాటి పక్కనే పడ్డాయి.

జట్టులో ఆమెకి ఆఖరి చోటు దొరికింది. ఊపిరి మాస్టారు జాబితా చదువుతుంటే మామగారు చప్పట్లు కొట్టడం మరిచిపోయాడు. అత్తగారు ఆయన వంతు కూడా కలిపి కొట్టింది.

కోడలు చెమట పట్టిన పట్టీని తడిగుడ్డతో తుడిచి, ఎండ తగలకుండా నీడలో వేలాడదీసింది. అది ఆరేదాకా ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో అత్తగారు సంచి ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు బ్రేకు మరీ కుదిపికుదిపి వేస్తున్నాడని కోడలు రెండుసార్లు గొణిగింది. తర్వాత అత్తగారి భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.